అమ్ముతామన్నారు, అమ్మలేదు... మనవడికి ఏం చెప్పను?

ఆటల మీద పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత పీఈటీ జవాబులు

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. నేను ఉక్కు కర్మాగారంలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉండేది కూర్మన్నపాలెం. మా అమ్మాయి కాపురం అమెరికాలో, మిన్నియాపొలిస్ పక్కన ఈడెన్ ప్రెయిరీలో. 2023లో మే నుంచి అక్టోబర్ దాకా నేనూ మా ఆవిడా వాళ్ల దగ్గర ఉన్నాం. నాకక్కడ పొద్దు పోయేది కాదు. అప్పటికి తొమ్మిదేళ్ల మనవడు నన్ను సోఫాలో కూర్చోబెట్టి బేస్‌బాల్ నేర్పాడు. మొదట్లో "బంతిని కొట్టి బ్యాట్ పారేసి పరిగెత్తడమేంట్రా" అనేవాణ్ని. ఆగస్టు వచ్చేసరికి "టైమయింది, టీవీ పెట్టు" అని నేనే వాణ్ని తొందరపెట్టేవాణ్ని. వాళ్ల ఊరి జట్టు మిన్నెసోటా ట్విన్స్. అక్టోబర్ 3న ప్లేఆఫ్‌లో టొరంటో మీద ఆ జట్టు గెలిచిన రోజు మేం టార్గెట్ ఫీల్డ్‌లోనే ఉన్నాం. రాయిస్ లూయిస్ రెండు హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. ప్లేఆఫ్‌లలో వరుసగా 18 మ్యాచ్‌లు ఓడిన తర్వాత వచ్చిన గెలుపు అది. పక్క సీట్లో ముసలాయన ఎవరో నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు.

ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. అక్కడి రాత్రి మ్యాచ్ మనకు తెల్లవారి అయిదు దాటాక మొదలవుతుంది. అలారం పెట్టుకుని లేచి, స్కోరు చూస్తూ టీ తాగడం అలవాటైపోయింది. అంత బాగా ఆడాక మరుసటి ఏడాది ఆటగాళ్ల జీతాల ఖర్చు తగ్గించేశారు. 2024 చివర్లో జట్టు చతికిలపడింది. ఆ అక్టోబర్‌లో యజమానులు జట్టును అమ్మే ఆలోచనలో ఉన్నామని ప్రకటించారు. మావాడికి అదొక పండగ. "కొత్త ఓనర్ వస్తాడు తాతయ్యా, మంచి ప్లేయర్స్‌ని కొంటాడు" అని వీడియో కాల్‌లో రోజూ అదే మాట. పది నెలలు ఎదురుచూశాం. 2025 జూలై నెలాఖరున నాలుగైదు రోజుల్లో పది మంది ఆటగాళ్లను వేరే జట్లకు పంపేశారు. మావాడి ప్రాణం పిచర్ (మన బౌలర్ లాంటివాడు) జోవాన్ డురాన్. వాడు వేసుకునే జెర్సీ కూడా అతనిదే. అతన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చేశారు. రెండు వారాలు తిరక్కుండా ఆగస్టు 13న యజమానులు "మేం అమ్మడం లేదు, చిన్న వాటాలకు కొత్త భాగస్వాముల్ని తీసుకుంటాం" అన్నారు.

ఆ జెర్సీని మావాడు మడతపెట్టి అట్టపెట్టెలో పడేశాడట. "నాకు టీం లేదు" అంటున్నాడు. మా అల్లుడు "అది వాళ్ల ఆస్తి, వాళ్లిష్టం. నువ్వు వేరే టీం చూసుకో" అంటాడు. నాకు ఆ మాట మింగుడు పడటం లేదు. ఉక్కు కర్మాగారాన్ని అమ్మొద్దని 2021 నుంచి మా కూర్మన్నపాలెం జంక్షన్‌లో టెంటు కింద కూర్చున్నవాణ్ని, 'అమ్మకం' అన్న మాట వింటేనే నాకు గుండె దడ. వాడికి ఏం చెప్పమంటారు? నా అలారం కూడా తీసేయమంటారా?
— ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: అన్నయ్య గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ జెర్సీ దగ్గర ఆగిపోయాను. అలాంటిదే మా ఇంట్లో ఒకటి ఉంది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

2012 ఏప్రిల్ 9 రాత్రి. మన మధురవాడ స్టేడియంలో డెక్కన్ ఛార్జర్స్, ముంబై ఇండియన్స్ మ్యాచ్. హైదరాబాద్ జట్టు ఆ ఏడాది కొన్ని మ్యాచ్‌లు విశాఖలో ఆడింది. గాజువాకలో మెకానిక్ షెడ్డు నడిపే మా తమ్ముడు నీలం రంగు ఛార్జర్స్ జెర్సీ కొనుక్కున్నాడు. మధ్యాహ్నం నుంచే దాన్ని వేసుకుని తిరిగాడు. స్టెయిన్ ఆ రాత్రి నిప్పులు కురిపించాడు, నాలుగు వికెట్లు తీశాడు. గెలిచేశాం అనుకున్నాం. చివరి బంతికి రోహిత్ శర్మ సిక్సర్ కొట్టి ముంబైని గెలిపించాడు. ఆ రోహిత్ 2009లో ఛార్జర్స్ కప్పు గెలిచినప్పుడు మన జట్టువాడే. వాళ్లమ్మగారిది ఈ ఊరే. మా తమ్ముడికి ఏడవాలో చప్పట్లు కొట్టాలో తెలియక కాసేపు అలాగే నిలబడిపోయాడు.

ఆ సెప్టెంబర్‌లో బీసీసీఐ ఛార్జర్స్ ఫ్రాంచైజీని రద్దు చేసింది. యజమానులు అప్పుల్లో ఉన్నారు, అంతకుముందు జట్టును వేలానికి పెట్టినా అది తెగలేదు. అక్టోబర్‌లో ఏడాదికి 85.05 కోట్ల రూపాయల చొప్పున సన్ టీవీ హైదరాబాద్ జట్టును దక్కించుకుంది. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. స్టెయిన్ ఉన్నాడు, సంగక్కర ఉన్నాడు, ధావన్ ఉన్నాడు. పేరు మారింది, బొమ్మ మారింది, నీలం పోయి నారింజ వచ్చింది. మా తమ్ముడు అన్నం తినకుండా కూర్చుంటే నేను ఏమన్నానో తెలుసా? "ఒక జట్టు పోతే ఇంకో జట్టు వచ్చిందిగా, దీనికింత బాధా?" అన్నాను. అప్పటికి నేను పాతికేళ్లుగా పిల్లలకు ఆటలు నేర్పుతున్నదాన్ని. అయినా నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. వాడు ఏమీ అనలేదు. మూడేళ్లు నా దగ్గర క్రికెట్ మాట ఎత్తలేదు.

అందుకే మీ అల్లుడు గారు చెప్పింది వినగానే నాకు చురుక్కుమంది. ఆయన చెడ్డగా అనలేదు, నేనూ చెడ్డగా అనలేదు. పిల్లాడి బాధ తొందరగా పోవాలని అంటాం. కానీ ఆ మాటతో వాడి బాధకు విలువ లేదని చెప్పినట్టవుతుంది.

ఆయన వాదనలో నిజమెంతో కూడా చూద్దాం. కాగితం మీద ట్విన్స్ జట్టు పోలాడ్ కుటుంబానిది. కార్ల్ పోలాడ్ 1984లో సుమారు 4.4 కోట్ల డాలర్లకు కొన్నాడు. 1987లోనూ 1991లోనూ ఆ జట్టు వరల్డ్ సిరీస్, అంటే అక్కడి బేస్‌బాల్ కప్పు, గెలిచింది. ఇంతవరకు ఎవరూ కాదనరు. కానీ మీరు కూర్చున్న టార్గెట్ ఫీల్డ్ ఉంది చూశారూ, 2010లో తెరిచిన ఆ స్టేడియానికి పెద్ద మొత్తం పెట్టింది హెన్నెపిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) జనం. అమ్మకం పన్ను మీద 0.15 శాతం అదనంగా వేశారు. ఇరవై డాలర్ల బిల్లుకు మూడు సెంట్లు. ఈడెన్ ప్రెయిరీ ఆ కౌంటీలోదే. మీ అమ్మాయి వాళ్లు హోటల్‌కు వెళ్లినప్పుడల్లా, పిల్లాడికి బొమ్మ కొన్నప్పుడల్లా ఆ మూడేసి సెంట్లు కడుతూనే ఉన్నారు. ఇంటి గోడలకు డబ్బు కట్టినవాణ్ని "నీకేం సంబంధం" అనడం న్యాయం కాదు.

ఇంకో సంగతి. కిరాణా కొట్టువాడు సరుకు బాగా ఇవ్వకపోతే పక్క కొట్టుకు వెళ్తాం. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్‌లో ఉన్నవి 30 జట్లే. మిన్నెసోటాలో ఉన్నది ఒక్కటే. వీళ్లు నచ్చలేదని ఊళ్లో ఇంకొకరు మేజర్ లీగ్ జట్టు పెట్టలేరు. జట్టు చేతులు మారాలన్నా మిగతా యజమానుల్లో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. ఆ ఓటింగ్‌లో అభిమానికి చీటీ ఉండదు. అభిమాని చేతిలో ఉన్నది టికెట్టు కొనడం, కొనకపోవడం, కేక వేయడం. అందుకే టార్గెట్ ఫీల్డ్‌లో "సెల్ ద టీమ్" అని అరిచారు. మీరు కూర్మన్నపాలెంలో 'అమ్మొద్దు' అన్నారు, మీ మనవడి చుట్టూ ఉన్నవాళ్లు 'అమ్మేయండి' అన్నారు. ప్లాంటు వేల కుటుంబాల అన్నం, ఆటను దానితో సమానం చేయను. కానీ నన్ను అడక్కుండా నిర్ణయం జరిగిపోతోందన్న మంట రెండు చోట్లా ఒకటే. దాన్ని మీరు ఇక్కడి నుంచే పట్టుకోగలిగారు. మీ మనవడికి మీకంటే బాగా అర్థం చేసుకునేవాళ్లు దొరకరు.

ఆటగాళ్లను పంపేయడం తప్పా అంటే, విడిగా చూస్తే కాదు. జూలై నెలాఖరు ప్రాంతంలో ఉండే గడువులోపు ఓడుతున్న జట్లు పేరున్నవాళ్లను ఇచ్చి కుర్రాళ్లను తెచ్చుకోవడం బేస్‌బాల్‌లో ఏటా జరిగేదే. పేరున్న ఆటగాడు కరేయాను హ్యూస్టన్‌కు పంపారు. సెయింట్ పాల్‌లో పుట్టిన లూయీ వార్లాండ్‌ను కూడా టొరంటోకు ఇచ్చేశారు. ఇంటి పిల్లాణ్ని ఇవ్వడం నాకైతే కష్టంగా అనిపించింది. అసలు మంట వరసలో ఉంది. ముందు ఇల్లు అమ్ముతాం అని బోర్డు పెట్టారు. తర్వాత తలుపులూ కిటికీలూ ఊడదీశారు. ఆఖరికి మేమే ఉంటాం అన్నారు. ఆ ఏడాది 70 గెలుపులు, 92 ఓటములతో ముగిసింది. ఓటమిని పిల్లలు తట్టుకుంటారు, నేను మైదానంలో రోజూ చూసేదాన్ని. ఆశ పెట్టి లాక్కోవడాన్ని తట్టుకోలేరు. మీవాడు జట్టు ఓడినందుకు జెర్సీ మడతపెట్టలేదు.

వాడి ఆశ కూడా గాలి మాట కాదు. బాల్టిమోర్‌లో 2024లో అచ్చంగా అదే జరిగింది. 1993లో 17.3 కోట్ల డాలర్లకు కొన్న ఓరియోల్స్ జట్టును ఏంజెలోస్ కుటుంబం 172.5 కోట్ల డాలర్ల విలువకు అమ్మింది. కొన్నవాళ్లలో పెద్దాయన డేవిడ్ రూబెన్‌స్టెయిన్ ఆ ఊళ్లోనే పుట్టినవాడు. మరోపక్క లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ యజమాని ఆర్టే మొరెనో 2022 ఆగస్టులో అమ్మకం ఆలోచన ప్రకటించి, 2023 జనవరిలో మానుకున్నాడు. వాషింగ్టన్ నేషనల్స్ విషయంలోనూ లెర్నర్ కుటుంబం 2022లో మొదలుపెట్టి 2024లో వద్దనుకుంది. ఆ మధ్యలోనే హువాన్ సోటో లాంటి ఆటగాడు శాన్ డియేగోకు వెళ్లిపోయాడు. ఇవన్నీ మీవాడికి చెప్పండి. తనొక్కడే మోసపోయాననుకుంటున్న పిల్లాడికి తనలాంటివాళ్లు ఇంకో రెండు ఊళ్లలో ఉన్నారని తెలియాలి.

ఓక్లాండ్ సంగతి మాత్రం వాడు ఇంకాస్త పెద్దయ్యాక చెప్పండి. అక్కడ ఏ'స్ జట్టు యజమాని ఊరు వదిలి వెళ్లిపోతానంటే, 2023 జూన్ 13న అభిమానులు 'సెల్' అని రాసిన ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని స్టేడియానికి వచ్చారు. రాకుండా నిరసన తెలపడం అందరూ చేసేదే. వీళ్లు వచ్చి తెలిపారు, 27,759 మంది. ఆ రోజు జట్టు 2-1తో గెలిచింది కూడా. అయినా నవంబర్‌లో యజమానులంతా కలిసి లాస్ వేగాస్‌కు తరలింపును ఆమోదించారు. 2024 సెప్టెంబర్ 26న ఆఖరి మ్యాచ్‌కు 46,889 మంది వచ్చారు. వెళ్లిపోతున్న జట్టును చూడటానికి అంతమంది వచ్చారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మీ జట్టుకు అలాంటి గండం ఒకటి తప్పింది. 2001 నవంబర్‌లో మేజర్ లీగ్ యజమానులు రెండు జట్లను లీగ్ నుంచే తీసేయాలని 28-2 ఓట్లతో నిర్ణయించారు. ఆ రెండింటిలో ట్విన్స్ ఒకటని అందరూ అనుకున్నారు. స్టేడియం అద్దె ఒప్పందం ప్రకారం 2002లో ఆడి తీరాలని హెన్నెపిన్ కౌంటీ జడ్జి ఒకరు ఆదేశించారు. తీసేద్దామనుకున్న ఆ జట్టు 2002లో 94 మ్యాచ్‌లు గెలిచి తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. మీరు చూసిన 2023 జట్టు టొరంటో సిరీస్ గెలిచేదాకా ఆ జట్టే ప్లేఆఫ్ సిరీస్ గెలిచిన ఆఖరి ట్విన్స్. అన్నయ్య గారూ, మిమ్మల్ని కౌగిలించుకున్న ఆ పెద్దాయన 2001నాటి టెన్షన్ కూడా చూసే ఉంటాడని నా అనుమానం.

ఇక మీవాడి సంగతి. "జట్టును వదలకూడదు, అభిమాని అంటే అలా ఉండాలి" అని మాత్రం అనకండి. పదకొండేళ్ల పిల్లాడు ఆ జట్టుకు ఏమీ బాకీ లేడు. ఒక వేసవి చూడనంటే చూడొద్దని చెప్పండి. కొత్త జెర్సీ, టోపీ, టికెట్ కొనొద్దు. కోపం వచ్చినవాడు డబ్బు ఆపడం న్యాయమే, దాన్ని ద్రోహం అనరు. డురాన్ ఫిలడెల్ఫియాలో బంతి వేస్తుంటే చూడాలనిపిస్తే చూడనివ్వండి. గంటకు 160 కిలోమీటర్లు దాటే ఆ బంతి ఏ రంగు చొక్కాలో వేసినా బంతే. లైట్లు ఆర్పేసి అతను మైదానంలోకి నడిచొస్తుంటే వాడు ఎలా గెంతేవాడో మీరు చూసే ఉంటారు.

వేసవి వచ్చాక మీ అమ్మాయితో ఒకసారి సెయింట్ పాల్ సెయింట్స్ మ్యాచ్‌కు తీసుకెళ్లమనండి. ట్విన్స్‌కు వెళ్లబోయే కుర్రాళ్లు తయారయ్యేది అక్కడే. 2025 జూలైలో పెద్ద ఆటగాళ్లను ఇచ్చి తెచ్చుకున్న కుర్రాళ్లలో కొందరు అక్కడే తేలతారు. పేరు లేనివాళ్లను ముందుగా కనిపెట్టడంలో పిల్లలకు ఉండే సంబరం వేరు. బక్స్‌టన్ మాట కూడా గుర్తు చేయండి. 2012 నుంచి ట్విన్స్ మనిషి. అంతమంది వెళ్లిన వేసవిలో కూడా తాను ఇక్కడే ఉంటానన్నాడు, ఉన్నాడు.

ఇంకోటి నా పీఈటీ బుద్ధి కొద్దీ చెబుతున్నాను. వాడికి స్కోరు రాయడం నేర్పించండి. బేస్‌బాల్ స్కోర్‌కార్డులో ఒక్కో బ్యాటర్‌కు ఒక్కో గడి, బంతి ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో అంకెల్లో రాస్తారు. ప్లాంటులో మీరు షిఫ్ట్ లాగ్‌బుక్ రాసినవారే కదా, మీకు వారంలో పట్టుబడుతుంది. వాడు అక్కడ ఒక నోట్‌బుక్‌లో, మీరు ఇక్కడ ఒక నోట్‌బుక్‌లో ఒకే మ్యాచ్ రాసి ఆదివారం వీడియో కాల్‌లో సరిచూసుకోండి. ఏ జట్టు మ్యాచైనా ఫర్వాలేదు. నా స్కూల్లో ఆడటానికి సిగ్గుపడే పిల్లలకు స్కోర్‌బుక్ ఇచ్చేదాన్ని. రెండు నెలల్లో వాళ్లే అంపైర్‌తో వాదనకు దిగేవాళ్లు.

వాడు తిరిగి ట్విన్స్ వైపు వస్తాడా? చెప్పలేం. ఈ జట్టు 1961లో వాషింగ్టన్ నుంచి మిన్నెసోటాకు వచ్చింది. మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు కాబట్టి ట్విన్స్ అని పేరు పెట్టుకుంది. అప్పుడు వాషింగ్టన్‌లో ఎందరు పిల్లలు జెర్సీలు మడతపెట్టారో. మా తమ్ముడైతే 2016 మేలో వచ్చాడు. సన్‌రైజర్స్ ఫైనల్ గెలిచిన మర్నాడు షెడ్డుకు వెళ్తూ మా గుమ్మం దగ్గర బండి ఆపి, "అక్కా, భువనేశ్వర్ ఈ సీజనంతా భలే వేశాడే" అన్నాడు. ఆ ఒక్క మాటే. నేను కాఫీ ఇచ్చాను, తాగి వెళ్లాడు. నీలం జెర్సీ ఇప్పటికీ వాడి బీరువాలోనే ఉంది. నారింజది ఇంతవరకూ కొనలేదు, నేనూ కొనమనలేదు.

ఆ అట్టపెట్టెను మాత్రం పారేయనివ్వకండని మీ అమ్మాయికి చెప్పండి.

మీ అలారం మాట అడిగారు. మీరు ట్విన్స్ కోసం లేస్తున్నారో, అదే టైముకు అక్కడ సోఫాలో కూర్చునే మనవడి కోసం లేస్తున్నారో మీకే తెలుసు. నన్నడిగితే అలారం ఉంచండి.

ప్రశ్న: మేడమ్, 2024లో మా పక్కనే ఢిల్లీ క్యాపిటల్స్ చెన్నైతో 'హోమ్ మ్యాచ్' ఆడితే స్టేడియమంతా పసుపు చొక్కాలే. నేనూ పసుపే వేసుకున్నాను. మా అన్నయ్య "మన గ్రౌండ్‌కు వచ్చినవాళ్లను అవమానించావు" అంటున్నాడు. తప్పు చేశానా?
— ఇంటర్ విద్యార్థిని, పీఎం పాలెం

జవాబు: తప్పేం లేదమ్మా. మార్చి 31న ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు, చెన్నై మాత్రం 20 పరుగులతో ఓడింది. ఢిల్లీ పిల్లలు గెలిచే వెళ్లారు, వాళ్లకు అవమానమేమీ జరగలేదు. 2005 ఏప్రిల్ 5న ఇదే మైదానంలో పాకిస్థాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజు నుంచి ఈ ఊరికి అతనితో అనుబంధం ఉంది. ఐపీఎల్ పుట్టకముందు సంగతి అది. ఆ ఏడాది రెండు మ్యాచ్‌లకు వచ్చిన జట్టు ఆ స్థానాన్ని వెంటనే అడగలేదు. అయితే మీ అన్నయ్య మాటలో ఒకటి నిజం. మన ఊరిదంటూ అనుకోవడానికి ఒక జట్టు కావాలి. దానికి ఐపీఎల్ దాకా వెళ్లక్కర్లేదు. ఆంధ్ర రంజీ జట్టు ఈ స్టేడియంలోనూ ఆడుతుంది. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో ఇక్కడ జరిగిన టెస్టులో కీపింగ్ చేసిన కె.ఎస్.భరత్ మన విశాఖ కుర్రాడే. ఈసారి రంజీ మ్యాచ్‌కు మీ అన్నయ్యను తీసుకుని రా. కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉంటాయి, ఎండ కాస్తుంది, టోపీ మరిచిపోకు. నీడ పడే వైపు స్కోర్‌బుక్ పట్టుకుని కూర్చున్నది నేనే.